బెల్టు తెగింది సరే, ఎందుకు తెగింది?

డీజిల్ వ్యాన్ బానెట్ లేచి ఉన్న షెడ్డులో తరచూ వినపడే వాదన ఒకటుంది. బెల్టు పాడైంది, దాన్నొక్కదాన్నే మారిస్తే సరిపోతుందా, టెన్షనర్ కూడా మార్చాలా? బండి యజమాని లెక్క సూటిగా ఉంటుంది: తెగింది బెల్టు, కొనాల్సిందీ బెల్టే. విడిభాగాల కంపెనీ బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతుంది. మేస్త్రీ పుల్లీని వేలితో గిర్రున తిప్పి, చెవి దగ్గరపెట్టి విని, "కొత్త బేరింగ్ కొట్టి వేస్తే ఇంకో ఏడాది ఢోకా లేదు" అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో తేలాలంటే ఆ బెల్టు మోసే బరువెంత, అది ఎలా అరుగుతుంది, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ ఎప్పుడు చేతులెత్తేస్తుంది అన్నవి వరసగా చూడాలి.

ముందే ఒక గీత గీసుకుందాం. ఇక్కడ చెబుతున్నది ఇంజన్ ముందు భాగాన బయటికి కనిపించే బెల్టు గురించి, షెడ్డుల్లో ఫ్యాన్ బెల్టు అనేదాని గురించి. టైమింగ్ బెల్టు వేరు. అది కవరు వెనక ఉండి వాల్వులను నడుపుతుంది. చాలా డీజిల్ ఇంజన్లలో దాని స్థానంలో చెయిన్ గానీ గేర్లు గానీ ఉంటాయి. అయితే బయటి బెల్టు చేసే చెరుపు కొన్ని ఇంజన్లలో లోపలిదాకా వెళ్తుంది. ఆ సంగతి తర్వాత.

మోసే బరువు

క్రాంక్‌షాఫ్ట్ చివరనున్న పెద్ద పుల్లీ నుంచి శక్తి తీసుకుని ఈ బెల్టు ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, పవర్ స్టీరింగ్ పంపుని, చాలా ఇంజన్లలో వాటర్ పంపుని తిప్పుతుంది. ఆల్టర్నేటర్ సంగతే చూడండి. 14 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు ఇస్తుంటే అది 1.4 కిలోవాట్ల విద్యుత్తు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే బెల్టు నుంచి అది లాగుతున్నది 2.3 కిలోవాట్లు, అంటే మూడు హార్స్‌పవర్ పైచిలుకు. పన్నెండు మంది కూర్చునే ట్రావెలర్‌లో వెనక సీట్లదాకా చల్లగాలి పంపే ఏసీ అంతకంటే ఎక్కువే లాగుతుంది. ఇదంతా వేలెడు వెడల్పు రబ్బరు పట్టీ మీదుగా జరగాలి.

డీజిల్ బండికి ఇంకో పేచీ ఉంది. పెట్రోల్ ఇంజన్‌లో గాలిదారికి అడ్డుగా థ్రాటిల్ ఉంటుంది కాబట్టి బ్రేక్ బూస్టర్‌కి కావలసిన వాక్యూమ్ అక్కడే పుడుతుంది. డీజిల్‌లో ఆ సదుపాయం లేదు. వాక్యూమ్ కోసం ప్రత్యేకంగా పంపు పెట్టాలి. మన రోడ్ల మీద తిరిగే చాలా డీజిల్ బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే, అదే ఇరుసు మీద ఉంటుంది. బెల్టు తెగిందంటే ఛార్జింగ్‌తోపాటు బ్రేకుకి అందే సాయం కూడా పోతుంది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు వస్తుంది. తర్వాత బ్రేకు పని చేస్తుంది గానీ కాలి బలమంతా పెట్టాలి. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతున్న వ్యాన్‌కో, అరకు నుంచి కిందికి వస్తున్న వ్యాన్‌కో ఇది జరిగితే స్టీరింగ్ కూడా అదే క్షణంలో బిగుసుకుంటుంది. బెల్టును చిల్లర సామాన్లలో జమకట్టే యజమానులు మొదట ఆలోచించాల్సింది దీని గురించే.

అన్నిటికీ ఒకటే బెల్టు

ఒకప్పుడు యంత్రాలను చదునైన తోలు పట్టీలు, తాళ్లు తిప్పేవి. అమెరికాలోని డెన్వర్ నగరంలో గేట్స్ కంపెనీకి చెందిన జాన్ గేట్స్ 1917లో రబ్బరుతో వీ ఆకారపు బెల్టు తయారుచేశాడు. పుల్లీ గాడిలోకి దిగి రెండు పక్కలా ఒరుసుకుని పట్టు సాధించే ఆ బెల్టే తర్వాత అరవై ఏళ్లు వాహనాలను ఏలింది. ఆల్టర్నేటర్‌కి ఒకటి, ఏసీకి ఒకటి, స్టీరింగ్‌కి ఒకటి. ఒక్కోదాన్నీ బోల్టు సడలించి, ఆల్టర్నేటర్‌ని వెనక్కి నెట్టి, మళ్లీ బిగించి సరిచేసుకోవాలి.

తర్వాత మలుపు పొడవాటి గాళ్లున్న పలచని బెల్టు. ఒక్క బెల్టే పాములా మెలికలు తిరుగుతూ లోపలి ముఖంతో కొన్ని పుల్లీలను, వీపుతో మరికొన్నిటిని తాకుతూ అన్నిటినీ తిప్పుతుంది. 1979 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కారుతో అది రోడ్డెక్కింది. స్థలం కలిసొచ్చింది, బరువు తగ్గింది. అయితే ఇంత పొడవైన బెల్టును చేత్తో బిగించి వదిలేస్తే కుదరదు. వేడికి సాగినా, అరిగినా దానంతటదే లాగి పట్టే స్ప్రింగు చెయ్యి కావాలి. ఆ చెయ్యే ఆటోమేటిక్ టెన్షనర్.

మన దగ్గర ఈ రెండు తరాలూ పక్కపక్కనే తిరుగుతున్నాయి. బజాజ్ టెంపో సంస్థ, అంటే నేటి ఫోర్స్ మోటార్స్, మెర్సిడెస్ టీ1 వ్యాన్ నమూనాతో 1987లో తెచ్చిన టెంపో ట్రావెలర్ వీ బెల్టుల కాలపు బండి. ఏసీ, పవర్ స్టీరింగ్ మామూలై, కామన్ రైల్ ఇంజన్లు వచ్చి, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చేనాటికి గాళ్ల బెల్టూ ఆటోమేటిక్ టెన్షనరూ వ్యాన్లలో సాధారణమయ్యాయి. చిక్కేమిటంటే, బెల్టు తరం మారింది గానీ దాన్ని చూసే కన్ను చాలాచోట్ల పాత తరంలోనే ఆగిపోయింది.

పట్టు ఎక్కడ పుడుతుంది

బెల్టు పుల్లీని ఎంత బలంగా తిప్పగలదన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: ఒరిపిడి, పుల్లీని చుట్టుకున్న కోణం, బెల్టులోని బిగువు. పద్దెనిమిదో శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ రాసిన సూత్రమే నేటికీ దీనికి ఆధారం. చదునైన పుల్లీ మీద ఒరిపిడి గుణకం 0.3 అనుకుంటే, సగం చుట్టు తిరిగిన బెల్టు జారకుండా వదులు వైపు బలానికి 2.6 రెట్ల దాకా బిగువు వైపు లాగగలదు. చుట్టు కోణం 180 నుంచి 120 డిగ్రీలకు తగ్గితే అది 1.9 రెట్లకు పడిపోతుంది. ఏమీ తిప్పని ఐడ్లర్ పుల్లీలు అక్కడ ఎందుకున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. చిన్న పుల్లీ చుట్టూ బెల్టు బాగా హత్తుకునేలా దారి మళ్లించడమే వాటి పని. గాడి పక్కలు 40 డిగ్రీల కోణంలో ఉంటే బెల్టు ఆప్పులా దిగి, చదును పుల్లీతో పోలిస్తే ఒరిపిడి దాదాపు మూడింతలవుతుంది.

ఇందులో గమనించాల్సిన సంగతి: ఈ రెట్లన్నీ మొదటి బిగువు మీద లెక్కించేవే. టెన్షనర్ స్ప్రింగు నీరసించి బిగువు సగమైతే, బెల్టు ఎంత కొత్తదైనా మోయగలిగే బరువూ సగమే. కొత్త బెల్టు వేసిన నెల రోజులకే ఏసీ ఆన్ చేయగానే కీచుమంటోందన్న ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఇదే. జారిన బెల్టు వేడెక్కుతుంది, వేడెక్కిన రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడ్డది ఇంకా జారుతుంది. ఆరు నెలల్లో ఆ కొత్త బెల్టూ పాతదైపోతే తిట్లు బెల్టు కంపెనీకి పడతాయి.

పగుళ్లు లేకపోతే బాగున్నట్టేనా?

పాత రోజుల్లో బెల్టులు నియోప్రీన్ రబ్బరువి. వయసైతే గాళ్ల మీద అడ్డంగా పగుళ్లు వచ్చేవి. మూడు అంగుళాల పొడవులో మూడు పగుళ్లు కనిపిస్తే మార్చేయాలన్నది అప్పటి లెక్క. 1990ల నుంచి ఈపీడీఎం అనే రబ్బరు ఆ స్థానాన్ని ఆక్రమించింది. ఇది వేడికి, చలికి బాగా ఓర్చుకుంటుంది. లక్ష కిలోమీటర్లు దాటినా పగుళ్లు రాకపోవచ్చు. అందుకే కంటితో చూసి "ఇంకా బాగానే ఉంది" అని వదిలేసే ప్రమాదం పెరిగింది.

ఈపీడీఎం బెల్టు అరిగేది లోలోపల. టైరు మీది గాళ్లలాగే దీని గాళ్లూ పక్కల్నుంచి కొద్దికొద్దిగా తరుగుతూ, కోసుగా ఉన్న లోయలు గుండ్రబడతాయి. అప్పుడు బెల్టు గాడిలోకి మరీ లోతుగా దిగి, పుల్లీ కొనలు లోయ అడుగున తగులుతాయి. పక్కల ఒరిపిడి పోయి ఆప్పు గుణమే పోతుంది. గాళ్ల మధ్య నీరు పోవడానికి చోటుండదు కాబట్టి జూన్, జులైలలో వాన మొదలైన ఉదయం బండి స్టార్ట్ చేయగానే అరుపు వినిపిస్తుంది. కాస్త వేడెక్కి ఆరగానే మాయమవుతుంది. ఎండాకాలమంతా ఊరుకున్న బెల్టు వానకు అరిచిందంటే అరుగుదల ముదిరిందనే అర్థం. ఈ అరుగుదలను కొలవడానికి బెల్టు కంపెనీలు చిన్న ప్లాస్టిక్ గేజీలు ఇస్తాయి. గేజీని గాడిలో పెట్టి చూడటం రెండు నిమిషాల పని.

ఇతర గుర్తులూ ఉన్నాయి. అంచు పీచులు లేస్తే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం. ఒక గాడి ముక్కలుగా ఊడిపోతే పుల్లీలో రాయి చిక్కి ఉండవచ్చు. బండి కింది మడ్ కవర్ ఒకసారి విప్పాక మళ్లీ బిగించకుండా వదిలేయడం మన షెడ్డుల్లో మామూలే. కంకర రోడ్ల మీద తిరిగే బండికి దాని ఫలితం బెల్టు మీదే కనిపిస్తుంది. గాళ్లు ఉబ్బి మెత్తబడితే నూనె తగిలింది. ఈపీడీఎం వేడికి ఎంత గట్టిదో నూనెకి అంత మెతకది. క్రాంక్ ముందు సీలు నుంచో, పవర్ స్టీరింగ్ పైపు నుంచో కారుతున్న నూనెను ఆపకుండా బెల్టు మార్చడం దండగ.

వీ బెల్టుకు పరీక్ష వేరు. అది గాడి పైఅంచుకు సమానంగా నిలవాలి. కిందికి దిగి అడుగు తాకుతుంటే పని అయిపోయినట్టే. జంటగా తిరిగే రెండు వీ బెల్టుల్లో ఒకటి తెగితే రెండూ మార్చాలి. లేదంటే సాగిన పాతది ఊరికే తిరుగుతుంది, బరువంతా కొత్తదాని మీద పడుతుంది.

అసలు నిందితుడు టెన్షనర్

టెన్షనర్ లోపల మూడు భాగాలున్నాయి: లాగి పట్టే స్ప్రింగు, చెయ్యి ఊగకుండా ఆపే ఒరిపిడి బుష్, చివరన బేరింగు మీద తిరిగే పుల్లీ. స్ప్రింగు గురించి అందరూ మాట్లాడతారు. కానీ డీజిల్ బండిలో తరచుగా ముందు ఓడిపోయేది బుష్.

కారణం డీజిల్ ఇంజన్ నడకలోనే ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా రెండు పేలుళ్లు జరుగుతాయి. పేలినప్పుడల్లా క్రాంక్ ఒక్క క్షణం ముందుకు దూకి మళ్లీ మందగిస్తుంది. డీజిల్‌లో పీడనం ఎక్కువ కాబట్టి ఆ దూకుడూ ఎక్కువే. 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో సెకనుకు దాదాపు 27 కుదుపులు, గంటకు 96 వేలు. ప్రతి కుదుపునూ టెన్షనర్ చెయ్యి కాస్త కదిలి మింగుకుంటుంది. బుష్ అరిగాక మింగలేక ఊగుతుంది. ఊగే చెయ్యి బెల్టును ఒకసారి వదిలి ఒకసారి కొడుతుంది. ఆ దెబ్బలు బెల్టు లోపలి పోగులకు, వాటర్ పంపు బేరింగుకు, ఆల్టర్నేటర్ బేరింగుకు తగులుతాయి.

ఈ ఊపు తగ్గించడానికే చాలా కొత్త డీజిల్ ఇంజన్లలో ఆల్టర్నేటర్ పుల్లీని ఒకవైపే పట్టేలా చేస్తారు. క్రాంక్ మందగించినా బరువైన ఆల్టర్నేటర్ రోటర్ తన వేగంతో తిరుగుతూ పోతుంది, బెల్టును వెనక్కి లాగదు. ఆ పుల్లీ లోపల బిగుసుకుపోతే టెన్షనర్ వెర్రిగా ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు టెన్షనర్ మార్చినా కొన్నాళ్లకు అదే కథ. ఇంజన్ ఆపి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది: ఒకవైపు తిప్పితే రోటర్ కూడా కదలాలి, రెండోవైపు పుల్లీ ఒక్కటే తిరగాలి. కొన్ని రకాల్లో రోటర్ కదిలే వైపు కాస్త స్ప్రింగు ఆనినట్టుంటుంది. రెండువైపులా గట్టిగా ఉంటే అది పోయినట్టే. మామూలు గట్టి పుల్లీతో వచ్చిన బండికి ఈ పరీక్ష వర్తించదు.

క్రాంక్ పుల్లీ కూడా అనుమానితుల జాబితాలో ఉండాలి. దాని బయటి వలయాన్ని లోపలి భాగానికి రబ్బరు పొర అతికించి ఉంటుంది, కుదుపులు మింగడానికే. ఆ రబ్బరు విడిపోతే వలయం పక్కకు జరిగి బెల్టు అంచులు తినేస్తుంది. ఎన్ని బెల్టులు మార్చినా ఆగదు.

చప్పుడు చెప్పే సంగతి

మంచి మేస్త్రీకి సగం సమాచారం చెవి ద్వారానే వస్తుంది. పిచ్చుక అరిచినట్టు తెగితెగి వచ్చే కిచకిచ సాధారణంగా పుల్లీల వరస తప్పినందువల్ల. బరువు పడగానే, ఏసీ వేయగానే సాగదీసి వచ్చే కీచు శబ్దం జారుడు వల్ల. ఖచ్చితంగా తేల్చుకోవడానికి పాత చిట్కా ఒకటుంది: దూరంగా నిలబడి, తిరుగుతున్న బెల్టు గాళ్ల వైపు కాస్త నీళ్లు చిలకరించాలి. శబ్దం ఆగి మళ్లీ వస్తే వరస తేడా. శబ్దం ఇంకా పెరిగితే బిగువు తక్కువ, చూడాల్సింది టెన్షనర్‌ని. బెల్టుతో సంబంధం లేకుండా గరగర వినిపిస్తుంటే బేరింగు. బెల్టు తీసి ఒక్కొక్క పుల్లీని తిప్పితే దొంగ దొరుకుతాడు.

సబ్బు ముక్క రుద్దడం, స్ప్రే కొట్టడం వంటివి వైద్యం కిందికి రావు. శబ్దం అణిగి కారణం మిగులుతుంది. పైగా జిగురు పదార్థాలు దుమ్మును పట్టి గాళ్లను ఇంకా వేగంగా అరగదీస్తాయి.

కిలోమీటర్లా, గంటలా?

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న ప్రశ్నకు కంపెనీల జవాబులు బండిని బట్టి మారతాయి. ఏ బండికైనా దాని మాన్యువల్ చెప్పిందే మొదటి మాట. అయితే మీటరు మీద కనిపించే దూరం బెల్టు నడిచిన దూరం కాదు. లెక్క వేసి చూద్దాం. క్రాంక్ పుల్లీ వ్యాసం 15 సెంటీమీటర్లు, సగటు వేగం 2000 ఆర్‌పీఎం అనుకుంటే బెల్టు సెకనుకు 15.7 మీటర్లు పరుగెడుతుంది. గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున బండి 80 వేల కిలోమీటర్లు తిరగడానికి 2000 గంటలు పడుతుంది. ఆ 2000 గంటల్లో బెల్టు పరుగెత్తేది లక్షా 13 వేల కిలోమీటర్లు. బెల్టు పొడవు రెండు మీటర్లయితే అయిదున్నర కోట్ల చుట్లు పైమాటే. దారిలో ఆరు పుల్లీలుంటే దాదాపు 34 కోట్ల సార్లు వంగి లేస్తుంది.

ఇప్పుడు ఐడ్లింగ్ కలపండి. పెళ్లి మంటపం బయట ఏసీ వేసుకుని మూడు గంటలు నిలబడిన వ్యాన్‌లో బెల్టు 68 కిలోమీటర్లు పరుగెత్తినట్టు. మీటరు మాత్రం సున్నా. ఆసుపత్రి గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా ఎదురుచూసే అంబులెన్సుదీ, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఉద్యోగులను దించే వ్యాన్‌దీ ఇదే పరిస్థితి. ఐడ్లింగ్‌లో బెల్టు నెమ్మదిగా తిరుగుతుంది గానీ డీజిల్ కుదుపులు తీవ్రంగా ఉండేది అప్పుడే. పైగా ఎదురుగాలి లేక బానెట్ కింద వేడి పేరుకుంటుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయటే 45 డిగ్రీలుంటే లోపల రబ్బరు పరిస్థితి ఊహించుకోవచ్చు.

కాబట్టి కిలోమీటర్ల పట్టిక హైవే బండికి సరిపోతుంది, నిలబడి పనిచేసే బండికి సరిపోదు. అలాంటి బండికి ప్రతి ఆయిల్ సర్వీసులో గేజీతో గాళ్లు కొలవడం, టెన్షనర్ ఊపు చూడటం తప్పనిసరి చేసుకుంటే కిలోమీటర్ల వాదన దానంతటదే తేలిపోతుంది.

మార్చే పని

పని కష్టమైనది కాదు, కానీ క్రమం తప్పితే తిరగబడుతుంది. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పాలి. పాత బెల్టు ఏ పుల్లీ పైనుంచి, ఏ పుల్లీ కిందినుంచి వెళ్తోందో ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి; మెలికల దారిలో ఒక్క పుల్లీ తప్పినా వాటర్ పంపు ఉల్టా తిరగవచ్చు. టెన్షనర్ చెయ్యి మీద అందుకోసం ఉన్న చోట సరైన పానా వేసి, స్ప్రింగుకు ఎదురుగా నెమ్మదిగా తిప్పి, బెల్టు సడలగానే జార్చాలి. కొత్తది ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించడం దాని పోగులను అక్కడే తెంపడమే.

బెల్టు తీశాకే అసలు పని మొదలవుతుంది. ప్రతి పుల్లీని తిప్పి, అటూ ఇటూ ఊపి చూడాలి. గాళ్లలో పేరుకున్న రబ్బరు పొడిని బ్రష్షుతో తీయాలి. ఒక పుల్లీ ముఖం మీద ఇనుప స్కేలు ఆనించి పక్క పుల్లీతో వరస సరిపోయిందో లేదో చూడాలి. నూనె, కూలెంట్ ఎక్కడైనా కారుతోందేమో వెతకాలి. టెన్షనర్ మారుస్తుంటే బోల్టును మాన్యువల్ చెప్పిన బిగువుకే బిగించాలి. అల్యూమినియం బ్లాకులో మరలు పోతే ఖర్చు వేరే స్థాయికి వెళ్తుంది.

కొత్త బెల్టు మీది అంకె పాతదానితో సరిచూసుకోవాలి. 6పీకే1795 అని ఉంటే ఆరు గాళ్లు, పీకే రకం, 1795 మిల్లీమీటర్ల పొడవు. పీకే రకంలో గాడికీ గాడికీ మధ్య 3.56 మిల్లీమీటర్లు. పది పదిహేను మిల్లీమీటర్ల తేడా ఉన్న బెల్టు కూడా ఎక్కుతుంది. టెన్షనర్ చెయ్యి మాత్రం తన పరిధి చివరకు జరిగి పని చేయడం మానేస్తుంది. "ఎక్కింది కదా" అన్నది సరిపోయినట్టు రుజువు కాదు. టెన్షనర్ మీద గుర్తులుంటే సూచిక వాటి మధ్యలోనే ఉండాలి. ఎక్కించాక ప్రతి గాడీ కూర్చుందో లేదో వేలితో తడిమి, క్రాంక్‌ని పానాతో రెండు చుట్లు తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయాలి. తిరుగుతున్న బెల్టు దగ్గరికి మెడలో తువ్వాలుతోనో, వదులు చేతుల చొక్కాతోనో వంగకూడదు. ఎంత అనుభవమున్న మేస్త్రీకైనా ఈ జాగ్రత్త తప్పదు.

చేత్తో బిగించే వీ బెల్టుకు కొలత ఉంది: రెండు పుల్లీల మధ్య దూరం ప్రతి 100 మిల్లీమీటర్లకు నడిమధ్యన ఒకటిన్నర మిల్లీమీటర్ల కుంగుడు. 400 మిల్లీమీటర్ల దూరమైతే సుమారు ఆరు. అరుస్తోందని అతిగా బిగిస్తే అరుపు ఆగుతుంది, ఆల్టర్నేటర్ బేరింగు పోతుంది. కొత్త వీ బెల్టు కొంత తిరిగాక కాస్త సాగుతుంది కాబట్టి మళ్లీ ఒకసారి చూసి బిగించాలి. టెన్షనరే లేని, తనంతట సాగి పట్టే బెల్టులు కూడా కొన్ని యూరప్ వ్యాన్లలో ఉన్నాయి. వాటిని ఒకసారి తీస్తే మళ్లీ వేయకూడదు.

బేరింగా, పుల్లీయా, పెట్టెడు సామానా?

ఇప్పుడు మొదటి వాదనకు వద్దాం. మేస్త్రీ చెప్పే బేరింగు మార్పిడి తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. చాలా ఐడ్లర్ పుల్లీల్లో ఉండేది 6203 రకం బేరింగే: లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ఏ బేరింగుల దుకాణంలోనైనా దొరుకుతుంది. పుల్లీ ఇనుపదై, దాని ముఖం అరగకుండా ఉంటే, రెండువైపులా రబ్బరు సీలుండి వేడికి తట్టుకునే గ్రీజుతో వచ్చిన మంచి కంపెనీ బేరింగును ప్రెస్సు మీద ఎక్కిస్తే ఐడ్లర్ వరకు అది న్యాయమైన రిపేరే. సుత్తితో కొట్టి ఎక్కించినది, ఫ్యాన్లకు వాడే చౌక బేరింగు వేసినది ఈ లెక్కలోకి రావు. ప్లాస్టిక్ పుల్లీకి, అరిగిన పుల్లీకి ఈ పని చేయకూడదు. టెన్షనర్ విషయంలో మాత్రం బేరింగు ఒక్కటే మార్చడం సగం వైద్యం. అరిగిన బుష్, నీరసించిన స్ప్రింగు అలాగే ఉంటాయి, వాటిని విడిగా మార్చే వీలు సాధారణంగా ఉండదు.

కంపెనీ వాళ్లు పెట్టె అమ్ముకోవడానికే అన్నీ మార్చమంటారన్న అనుమానం సహజమే. కానీ వాళ్ల వాదనలో అంకెల బలం ఉంది. అసలు బెల్టు ఆయువు తీరేసరికి దాన్ని పట్టి ఉన్న టెన్షనర్ కూడా అన్నే కోట్ల కుదుపులు తిన్నది. రెండో బెల్టు ఆయువంతా కూడా మోస్తుందని ఆశించడానికి ఆధారం లేదు. మరోపక్క, ఇరవై వేల కిలోమీటర్లకే రాయి చిక్కి బెల్టు తెగితే టెన్షనర్‌ని పరీక్షించి ఉంచుకోవచ్చు. అంటే మార్చాలా వద్దా అన్నది బెల్టు ఏ కారణంతో పోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నకిలీల సంగతి కూడా ఇక్కడే. విజయవాడ ఆటోనగర్‌లోనూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ పేరున్న బెల్టు కంపెనీల సరుకూ దొరుకుతుంది, వాటి పేరు దొంగిలించిన సరుకూ దొరకవచ్చు. బిల్లు ఇచ్చే దుకాణం, పెట్టె మీది కోడ్ ఫోన్‌తో సరిచూసుకోవడం, బెల్టు వీపు మీద చెరగని అచ్చు అన్నవి కనీస జాగ్రత్తలు. బండి కంపెనీ పెట్టెలో వచ్చే బెల్టు కూడా ఏదో ఒక బెల్టు కంపెనీ తయారుచేసిందే. అందుకే అదే స్థాయి బెల్టును బయట కొనడంలో తప్పు లేదు. టెన్షనర్ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. చౌక టెన్షనర్ మొదటి రోజు అసలైనదానిలాగే లాగుతుంది. బుష్ నాణ్యత తెలిసేది నెలలు గడిచాకే.

తెగితే ఏమవుతుంది

ముందు ఎర్రటి బ్యాటరీ లైటు వెలుగుతుంది. స్టీరింగ్ బిగుస్తుంది. వాటర్ పంపు ఇదే బెల్టు మీద ఉంటే కొద్ది నిమిషాల్లో వేడి ముల్లు పైకి లేస్తుంది. "పక్క ఊరిదాకా పోదాం" అనుకుంటే హెడ్ గాస్కెట్‌తో మూల్యం చెల్లించాలి. వాటర్ పంపు వేరే దారిన తిరిగే ఇంజన్ అయితే, వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ మీద లేకపోతే, బ్యాటరీ ఉన్నంతవరకు కొంత దూరం మెల్లగా పోవచ్చు. తన బండిలో ఏది ఏ బెల్టు మీద ఉందో డ్రైవరుకు ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికంటే చేదు పాఠం రెనో కంపెనీ 1.5 లీటర్ల కే9కే డీజిల్ నుంచి వచ్చింది. కంగూ వ్యాన్లలో, మన దగ్గర మహీంద్రా అమ్మిన లోగన్, వెరిటో కార్లలో ఉన్న ఇంజన్ ఇదే. ఇందులో పీచులు లేచిన బయటి బెల్టు ముక్కలు క్రాంక్ పుల్లీ వెనక్కి చేరి టైమింగ్ బెల్టులో చిక్కుకున్న సందర్భాలు మెకానిక్కులకు బాగా తెలుసు. టైమింగ్ బెల్టు తప్పుకుంటే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ విప్పాల్సి వస్తుంది. అలాంటి ఇంజన్‌లో అంచు పీచు లేచిన బెల్టుతో ఒక్క ట్రిప్పు కూడా వేయకూడదు.

తేలినది

టాటా ఏస్ ఈవీ లాంటి విద్యుత్ బండ్లలో ఈ బెల్టే లేదు. కానీ ఇప్పటికే రోడ్డు మీదున్న డీజిల్ వ్యాన్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి, చాలావరకు కంపెనీ సర్వీసు దాటి షెడ్డుల చేతుల్లో. వాటికి ఈ చర్చ నుంచి మూడు ముక్కల్లో చెప్పగలిగింది ఇది.

ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న డీజిల్ వ్యాన్‌లో అసలు బెల్టు అరిగి ఆయువు తీరినప్పుడు టెన్షనర్, ఐడ్లర్ కూడా కలిపి మార్చాలి. ప్రయాణికులను ఎక్కించుకునే బండికి ఇందులో బేరం లేదు. బెల్టు మధ్యలో తెగితే నూనె, రాయి, వరస తేడా, బిగుసుకున్న పుల్లీ, విడిపోయిన క్రాంక్ రబ్బరు, వీటిలో ఏది కారణమో తేలాకే కొత్తది వేయాలి. చేత్తో బిగించే వీ బెల్టు బండికి మంచి బెల్టు, మంచి బేరింగు, కొలిచి బిగించే చెయ్యి చాలు.

యజమాని షెడ్డులో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, పాత బెల్టు గురించి. "ఇది ఎందుకు పోయింది?" అంటే పుల్లీలు తిప్పి, వరస చూసి, కారణం చూపించే మేస్త్రీ చేతిలో బండి పెట్టవచ్చు. "పాతదైపోయింది, అంతే" అని కొత్త బెల్టు విప్పే చోట ఇంకో బెల్టుకు కూడా డబ్బు సిద్ధం చేసుకోవాలి.